జేబులో మడత చాకు



ఈ శీర్షికకు ఎక్కువగా పిల్లల చదువులు, అప్పులు, అత్తాకోడళ్ల మాటలు ప్రశ్నలుగా వస్తుంటాయి. ఈ నెల వచ్చిన ప్రశ్న మడత చాకును గూర్చినది. మా సంఘములోని ఒక సహోదరి ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మందిరపు మెట్ల దగ్గర ఆగి, “అయ్యగారూ, మా వాడికి వాళ్ల మేనమామ కువైట్ నుంచి రెండు మడత చాకులు తెచ్చాడండి. అవి చాలనట్టు తిరునాళ్లలో వీడొకటి కొన్నాడు. పడుకునేటప్పుడు కూడా దిండు కింద పెట్టుకుంటున్నాడు. వాళ్ల నాన్న సంగతి మీకు తెలుసు గదండి. మూడూ తీసుకెళ్లి నూతిలో పడేసేదా?” అని అడిగారు.

వాళ్ల నాన్న సంగతి ఊరందరికీ తెలుసు. పన్నెండేండ్ల క్రిందట ఒక పెండ్లిలో త్రాగి, మాటా మాటా పెరిగి, జేబులోని చాకు తీసి పాలివాని భుజములో దించాడు. ఆ మనిషి బ్రతికాడు. ఈయన శిక్ష అనుభవించి వచ్చాడు, త్రాగుడు మానాడు, ఇప్పుడు సంఘముతో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందుచున్నాడు. కుమారునికి పదిహేడేండ్లు. ఆ తల్లి భయములో అర్థమున్నది. ఇతర ఇండ్లలో కూడా ఇటువంటి ప్రశ్న ఉండవచ్చునని చెప్పగా, పేర్లు లేకుండా వ్రాయుటకు ముగ్గురూ ఒప్పుకొన్నారు.

మేము వెంటనే అవునని గాని కాదని గాని చెప్పలేదు. చూడకుండా తీర్పు చెప్పుట న్యాయము కాదు గదా! సాయంకాలము మూడింటినీ తెమ్మన్నాము. తండ్రీ కొడుకులిద్దరూ వచ్చారు. అరుగు మీద పాత వార్తాపత్రిక పరచి, పురికొస, ఒక పచ్చి మామిడికాయ, తెగిన డ్రిప్పు పైపు ముక్క, ఖాళీ యూరియా సంచి పెట్టుకొని కూర్చున్నాము. “దిండు కింద ఎందుకు బాబూ?” అని అడిగితే, “చెల్లి తీసుకుంటుందని అండి” అన్నాడు. కొత్త వస్తువు మీది ఆశ తప్ప అందులో మరేమీ లేదు.

మొదట చేతిలోనికి తీసుకొన్నది ఎర్రని స్విస్ చాకు. విక్టోరినాక్స్ వారి స్పార్టన్ అనే రకము. మూసియున్నప్పుడు పొడవు 91 మిల్లీమీటర్లు, బరువు సుమారు 60 గ్రాములు, అనగా చొక్కా జేబులో వేసినా జేబు సాగదు. ఇంత చిన్న పిడిలో ఒక పెద్ద బ్లేడు, ఒక చిన్న బ్లేడు, డబ్బా మూత కోసేది, సీసా మూత తీసేది, చెప్పులు కుట్టే ఆరె వంటి మొన, మెలి తిరిగిన పురి ఒకటి, పిడి చివర ముల్లు తీసే చిన్న పట్టకారు, పండ్లు కుట్టుకొనే పుల్ల అమర్చారు. కొత్తది గనుక స్ప్రింగులు బిగువుగా ఉన్నవి. చిన్న బ్లేడు తెరువబోతే గోరు విరిగినంత పని అయినది. నాలుగు రోజులు వాడి, ఇరుసు దగ్గర ఒక చుక్క కుట్టు మిషను నూనె వేస్తే ఆ బిగువు తగ్గుతుంది. తెరిచిన తరువాత బ్లేడును అటూ ఇటూ కదిపి చూచాము. వెంట్రుకంత కూడా ఊగలేదు. పురికొస ఒక్క లాగుకు తెగినది.

మెలి పురిని చూచి కుర్రవాడు అది దేనికని అడిగాడు. ద్రాక్షారసపు సీసాల బిరడా తీయుటకు. ఆ పని మన ఇండ్లలో లేదు గాని, గేదె పలుపు తడిసి బిగిసిన ముడిని విప్పుటకు అంతకంటె మంచి పనిముట్టు మేము చూడలేదు. తుమ్మ ముల్లు గుచ్చుకొన్నవానికి ఆ పట్టకారు విలువ చెప్పనవసరము లేదు.

పిడి మీది తెల్లని సిలువను చూచి కుర్రవాని నాయనమ్మ “ఇది దేవుని చాకురా” అన్నదట. అది స్విట్జర్లాండు జెండాలోని సిలువ. కార్ల్ ఎల్స్‌నర్ అనే ఆయన ఆ దేశములోని ఇబాఖ్ గ్రామములో 1884లో చాకుల పని మొదలుపెట్టాడు. అప్పట్లో స్విస్ సైనికుల చాకులు జర్మనీలోని జోలింగెన్ పట్టణము నుండి వచ్చేవి. మన పిల్లలకు పని దొరకవలెనని ఆయన 1891లో సైన్యమునకు తానే చాకులు చేసి ఇచ్చుట ప్రారంభించాడు. జర్మనీవారు తక్కువ ధరకు ఇస్తుంటే నష్టపడి, అప్పులలో మునిగి, బంధువుల సహాయముతో నిలబడ్డాడు. 1897 జూన్ 12న ఈ రకపు చాకుకు హక్కులు నమోదు చేయించుకొన్నాడు. ఆయన తల్లి పేరు విక్టోరియా. 1909లో ఆమె చనిపోయినప్పుడు ఆ పేరునే తన సరుకుకు పెట్టుకొన్నాడు. తుప్పు పట్టని ఉక్కు వచ్చిన తరువాత, దానికి ఫ్రెంచి భాషలో ఉన్న పేరులోని ‘ఇనాక్స్’ అనే ముక్కను 1921లో చేర్చగా విక్టోరినాక్స్ అయినది. తల్లి భయపడుచున్న ఆ చాకు మీద ఒక తల్లి పేరే ఉన్నదని చెప్పినప్పుడు కుర్రవాడు నవ్వాడు. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాడట కూడాను.

అయితే ఈ చాకులో ఒక సంగతి గమనించవలెను. ఈ రకములో బ్లేడుకు లాకు లేదు. వెనుకనున్న స్ప్రింగు పట్టీ బలముతోనే అది నిలుస్తుంది. కోసేటప్పుడు వాదర క్రిందికి నొక్కుతుంది గనుక భయము లేదు. మొనతో పొడిచితే మాత్రం బ్లేడు వెనుకకు మడిచి నాలుగు వేళ్ల మీదికి వస్తుంది. మా సంఘములోనే ఒక కూలి సహోదరుడు ఇటువంటి లాకు లేని చవక చాకుతో డ్రిప్పు పైపుకు బెజ్జము చేయబోయి చూపుడు వేలి నరము తెంచుకొన్నాడు. ఇప్పటికీ ఆ వేలు వంగదు. కలుపు తీసే మనిషికి వేలు వంగకపోతే దినకూలి ఎంత పోతుందో మీకు తెలుసు. బెజ్జము చేయుటకు ఆరె వంటి మొన వేరుగా ఉన్నది, దానినే వాడవలెను.

రెండవది కొయ్యపిడి చాకు. ఫ్రాన్సు దేశపు ఒపినెల్, ఎనిమిదవ నంబరు. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, అనగా మూడు అంగుళములకు కొంచెము ఎక్కువ. మాకు మూడింటిలో ఎక్కువ నచ్చినది ఇదే. ఒక కొయ్య, ఒక బ్లేడు, ఒక ఉక్కు కట్టు, ఒక ఉంగరము. చూడగానే మన ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేశారా అనిపించినది. పిడి బీచ్ అనే చెట్టు కొయ్య. చేతిలో చెమట పట్టినా జారలేదు. బ్లేడు పలుచన గనుక మామిడికాయ టెంక వరకు చీలకుండా తెగినది. స్విస్ చాకుతో కోసిన ముక్క కంటె ఈ ముక్క నున్నగా ఉన్నదని కుర్రవాడే గుర్తించాడు.

ఆ ఉంగరమే దీని లాకు. బ్లేడు తెరిచిన తరువాత ఉంగరమును వ్రేలితో త్రిప్పితే బ్లేడు వెనుకకు మడవదు. జోసెఫ్ ఒపినెల్ 1890లో ఈ చాకు చేసినప్పుడు ఆ ఉంగరము లేదు. 1955లో వచ్చినది. 2000 నుండి మూసిన స్థితిలో కూడా త్రిప్పి బిగించే వీలు కలిగినది. చిన్నపిల్లలున్న ఇంటిలో ఇది గొప్ప మేలు. అయితే ఉంగరము తనంతట తాను తిరుగదు, త్రిప్పవలసినది మనమే. త్రిప్పుట మరచినవానికి ఇది లాకు లేని చాకే.

దోషములు లేకపోలేదు. మేనమామ తెచ్చినది కార్బన్ ఉక్కు రకము. పచ్చి మామిడి కోసిన అరగంటకు బ్లేడు మీద బూడిదరంగు మరకలు వచ్చినవి. ముక్కకు కూడా కొంచెము ఇనుము వాసన తగిలినది. కడిగి తుడువకపోతే మరుసటి దినమే తుప్పు. అదే చాకు తుప్పు పట్టని ఉక్కుతో కూడా దొరుకుతుంది, ఉప్పుగాలి తగిలే సముద్రపు ప్రక్క ఊళ్లవారికి అదే మేలు. రెండవది, కొయ్య తేమను పీలుస్తుంది. వర్షాకాలములో పిడి ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అటువంటప్పుడు పిడి వెనుక కొనను బల్ల మీద చిన్నగా కొడితే బ్లేడు కొంచెము పైకి వస్తుంది, అప్పుడు గోరు పెట్టి తీయవచ్చును. ఆ చాకు పుట్టిన సవోయి ప్రాంతపు కొండవారు చేసే ఉపాయమే ఇది.

బ్లేడు మీద ఒక ముద్ర ఉన్నది. పైకెత్తిన చేయి, దానిమీద కిరీటము. ఒపినెల్ ఊరికి దగ్గరలో సెయింట్ జాన్ ద మోరియెన్ అనే పట్టణమున్నది. బాప్తిస్మమిచ్చు యోహాను వ్రేళ్లు అక్కడ ఉన్నవని ఆ ప్రాంతపువారు పూర్వము నుండి నమ్ముతారు. ఆ పట్టణపు గురుతు ఆశీర్వదించు చేయి. దానినే జోసెఫ్ ఒపినెల్ తన ముద్రగా పెట్టుకొన్నాడు. పరిశుద్ధుల ఎముకలను గౌరవించే ఆచారము మనకు లేదు గనుక ఆ వ్రేళ్ల వాదములోనికి మేము దిగము. యోహాను క్రీస్తును చూపించిన సంగతి, ఆయన తల హేరోదు ఇంటి విందులో పోయిన సంగతి సువార్తలలోనే ఉన్నవి. ఆయన చేయి అని చెప్పుకొనే గురుతు చాకు బ్లేడు మీద ఉండుట చూచి మేము కొంతసేపు మాట్లాడలేకపోయాము.

మూడవది తిరునాళ్లలో కొన్నది. దానిమీద ఎవరి పేరూ లేదు. నల్లని పిడి, పసుపురంగు పూత, ప్రక్కన బటను. నొక్కితే ‘టక్’ మని బ్లేడు బయటికి దూకుతుంది. చూపునకు మూడింటిలో ఇదే ఘనమైనది. బ్లేడు కొన పట్టుకొని కదిపితే మాత్రం ఇరుసు దగ్గర వదులుగా ఊగినది. మూసినప్పుడు బ్లేడు ఒక ప్రక్కకు ఒరిగి పిడిని గీస్తున్నది. పురికొస కోయుటకు నాలుగు సార్లు రుద్దవలసి వచ్చినది. యూరియా సంచి అసలు తెగలేదు. బటను లాకు మూడు సార్లలో ఒకసారి పట్టలేదు.

ఇటువంటి చాకు అనగానే పెద్దవారికి రాంపురి అనే మాట గుర్తుకు వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నవాబుల కాలము నుండి చాకులకు ప్రసిద్ధి. సినిమాల వలన ఆ పేరు రౌడీల పేరైపోయినది గాని, అక్కడి పనివారి నేర్పు నిజమైనది. 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల పొడవున చాకు బొమ్మను నిలబెట్టారు. ఈ తిరునాళ్ల చాకు ఆ నేర్పునకు నకలు కూడా కాదు.

అంతవరకు తండ్రి ఏమీ మాట్లాడలేదు. ఆ బటను చప్పుడు విన్నప్పుడు మాత్రం తల త్రిప్పుకొన్నాడు. మేము అడుగక మునుపే మెల్లగా అన్నాడు: “ఆ ఎర్రదీ, కొయ్యపిడిదీ పరవాలేదండి. గోరు పెట్టి, రెండు చేతులతో తీయాలి. ఆ లోపు మనిషికి కాస్త తెలివి వస్తుంది. ఈ బటనుది మాత్రం వద్దండి. దీన్ని కోయడానికి కొనరు, ఆ చప్పుడు కోసం కొంటారు. నేనూ అందుకే కొన్నాను.”

కుమారుడు తండ్రి ముఖములోనికి చూచాడు. ఆ సంగతిని గూర్చి తండ్రి నోటి వెంట మాట రావడము అతడు వినుట అదే మొదటిసారి అని తరువాత తల్లి చెప్పారు.

చట్టము సంగతి కూడా కొందరు అడుగుతారు గనుక రెండు మాటలు. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 2016లో వచ్చిన నియమములలో, తొమ్మిది అంగుళముల కంటె పొడవు గాని రెండు అంగుళముల కంటె వెడల్పు గాని ఉన్న బ్లేడు గల కత్తులను ఆయుధములలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయమునకు చేసినవి అందులోనికి రావు. ఢిల్లీలో బటను చాకులను గూర్చి 1980లో ఇంకా కఠినమైన ఉత్తరువు ఇచ్చారు. బ్లేడు మూడు అంగుళములున్నా అక్కడ చిక్కే. విమానములో చేతి సంచిలో ఏ చాకూ పెట్టరాదు, మేనమామ కూడా వీటిని పెద్ద పెట్టెలో వేసియే తెచ్చాడు. అయితే చట్టపు కొలతలు చూచి ధైర్యపడవద్దు. ఆ తండ్రి పెండ్లిలో దించిన చాకు మూడంగుళములదే.

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము ఇంటిలో చదువుకొనండి. లేఖకులు రెల్లు కలమును చెక్కుకొనుటకు చిన్న చాకు ఉంచుకొనేవారు. యెహూది గ్రంథపు చుట్టను చదువుచుండగా రాజైన యెహోయాకీము అటువంటి చాకుతోనే దానిని ముక్కలుగా కోసి కుంపటిలో వేశాడు. వాక్యము వ్రాయుటకు సహాయపడే పనిముట్టు వాక్యమును కోయుటకు వాడబడినది. ఆ అధ్యాయములో దోషము రాజు మీద మోపబడినది, చాకు మీద కాదు. దేవుడు మరల మరియొక చుట్ట వ్రాయించాడు. బారూకు ఆ చుట్ట వ్రాయుటకు తిరిగి కలము చెక్కుకొనే ఉంటాడు, చేతిలో చాకు లేకుండా అది ఎట్లు సాధ్యము? ఇది మా ఊహ మాత్రమే.

ఇక పదును. మొద్దు చాకే ఎక్కువ ప్రమాదము, ఎందుకనగా బలము పెట్టవలసి వస్తుంది, బలము పెట్టినప్పుడు జారుతుంది. మొద్దు ఇనుముతో ఎక్కువ బలము ఖర్చగునని ప్రసంగి 10వ అధ్యాయములో కూడా ఉన్నది. సానరాయి మీద బ్లేడును నిలువుగా పెట్టండి. దానిని సగము వంచండి, మరల అందులో సగము వంచండి. ఇంచుమించు ఆ వాలులోనే, ఇంకా ఒక పిసరు తగ్గించి, తడి రాయి మీద వాదరను ముందుకు తోయవలెను. ఒక ప్రక్క పది సార్లు, రెండవ ప్రక్క పది సార్లు. కాగితము అంచును చిరగకుండా కోస్తే చాలును. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, ఒపినెల్ మాకు నచ్చుటకు అది కూడా ఒక కారణము.

మూసేటప్పుడే ఎక్కువమందికి వ్రేళ్లు తెగుతాయి. బ్లేడు వెనుక వీపును అరచేతితో నెట్టవలెను, వాదర దారిలో ఏ వ్రేలూ ఉండరాదు. ఇతరులకు ఇచ్చేటప్పుడు మూసి ఇయ్యవలెను. తెగినదా, మంచినీటితో సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు వదలకుండా అదిమిపట్టి చేయి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి, సున్నము పెట్టవద్దు. ధనుర్వాతపు ఇంజక్షను ఎప్పుడు చేయించుకొన్నారో గుర్తులేనివారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో టి.డి. ఇంజక్షను వేయించుకొనండి. వ్రేలు వంగకపోయినా, తిమ్మిరి ఉన్నా ఆ దినమే డాక్టరుకు చూపవలెను. పైన చెప్పిన సహోదరుడు ఎనిమిది దినములు ఆగి వెళ్లాడు.

ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇది: “అమ్మా, రెండు నూతిలో వేయవద్దు, మూడవది ఇంటిలో ఉంచవద్దు.” నూతిలో వేయుట మాకు ఎట్లాగూ ఇష్టము లేదు, త్రాగే నీళ్లు గదా. బటను చాకును తండ్రి మరునాడు కమ్మరి కొలిమికి తీసుకొనిపోయి సుత్తితో రెండు ముక్కలు చేయించాడు. ఒపినెల్ పొలము సంచిలో ఉంటుంది. ఎర్ర చాకు కుర్రవాని జేబులో ఉంటుంది గాని, పెండ్లికి, తిరునాళ్లకు, కాలేజీకి వెళ్లే దినమున తల్లి చేతికి ఇచ్చి వెళ్లవలెను. ఈ షరతు తల్లి పెట్టినది, మేము పెట్టినది కాదు. మొదటి వారములో ఒకసారి మరచి వెళ్లాడట. సాయంకాలము తానే వచ్చి చెప్పాడు గనుక ఆమె ఊరుకొన్నారు. సాన పట్టుట తండ్రి నేర్పుచున్నాడు.

తాటాకులు కొట్టే కత్తికి పిడి తరచుగా ఊడిపోవుచున్నదని అడిగిన సహోదరునికి, కత్తిపీట ఎత్తును గూర్చి అడిగిన అమ్మగారికి వచ్చే నెలలో వ్రాస్తాము.